పాత కాయిల్‌ఓవర్లు, స్ప్రింగులు, షాకప్‌లు కొనాలన్నా అమ్మాలన్నా: కొరాపుట్, రాయగడ, బరంపురం వైపు కారోళ్లకి సమగ్ర మార్గదర్శి

"అన్నా, వైజాగ్‌లో ఒక సెట్టు ఉంది, ఫొటోల్లో బాగుంది, డబ్బులు పంపేయమంటావా?" జయపురం నుంచి, రాయగడ నుంచి, బరంపురం నుంచి కుర్రాళ్లు ఇదే అడుగుతున్నారు. ఒక్కొక్కరికి వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పేకంటే అంతా ఒక్కచోట వరసగా రాసేస్తే మేలనిపించి కూర్చున్నా. కొత్తవాళ్లకి ఒక మాట: కాయిల్‌ఓవర్ అంటే స్ప్రింగూ షాకప్పూ కలిసి, రింగు తిప్పి కారు ఎత్తు మార్చుకునే సెట్టు.

మనవైపు, అంటే దక్షిణ ఒడిశాలో, ఒక ఇబ్బంది ఉంది. వైజాగ్‌లోనో హైదరాబాద్‌లోనో ఉన్నవాడికి సరుకు నచ్చకపోతే సాయంత్రానికి తీసుకెళ్లి తిరిగిచ్చేస్తాడు. మనకి అది సాలూరు దాటి, సుంకి ఘాటీ ఎక్కి, పొట్టంగి, సెమిలిగుడ మీదుగా వస్తుంది. ఒకసారి పైకొచ్చిందంటే మళ్లీ కిందకి పంపడానికి కిరాయి మనదే, ఈలోగా అమ్మినాయన ఫోను ఎత్తడం మానేస్తాడు. కాబట్టి చూడాల్సిందంతా డబ్బులు చేతిలో ఉన్నప్పుడే చూడాలి, ఈ గైడ్ మొత్తం ఆ లెక్కలోనే ఉంటుంది.

కారు విషయానికొస్తే మన దగ్గర ఎక్కువగా పోలో జీటీ, ఆక్టేవియా వీఆర్ఎస్, మినీ కూపర్ ఎస్ లాంటివి, ఎక్కడో ఒక జెడ్4 లేదా మస్టాంగ్. ఏ కారైనా వరస ఇదే.

1. ముందు మీ కారు సంగతి రాసిపెట్టుకోండి

బేరం మొదలెట్టకముందే ఒక కాగితం మీద మీ కారు వివరాలు రాయండి. "పోలోకి వస్తుందా" అని అడిగితే అమ్మేవాడు వస్తుందనే అంటాడు, అతనికి అమ్ముడవ్వాలి కదా. మీరు అడగాల్సింది కొలత.

రాసుకోవాల్సినవి:
- మోడల్, తయారైన సంవత్సరం, ఇంజన్, ఛాసిస్ నంబర్
- ముందు స్ట్రట్ (ముందు చక్రం షాకప్) కింద, నకుల్‌లో (చక్రం హబ్‌ని పట్టుకునే లోహపు ముక్క) కూర్చునే చోట వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లు
- వెనక టోర్షన్ బీమా (రెండు చక్రాల్నీ కలిపే ఒకే దూలం), మల్టీలింకా (ఒక్కో చక్రానికి వేరువేరు లింకులు)
- కంపెనీ నుంచే ఎలక్ట్రానిక్ షాకప్‌లు వచ్చాయా లేదా
- ప్రతి చక్రానికీ హబ్ మధ్య నుంచి ఫెండర్ (చక్రం పైన ఉండే రేకు) అంచు వరకు ఇప్పుడున్న ఎత్తు

రెండోదే ఎక్కువమందిని ముంచుతుంది. ఫోక్స్‌వాగన్, స్కోడా కార్లలో బయటికి ఒకేలా కనిపించే రెండు కార్లకి ముందు స్ట్రట్ ఒకదానికి 50 మిల్లీమీటర్లు, ఇంకోదానికి 55 ఉంటుంది. 55ది తెచ్చుకుని 50 నకుల్‌లోకి కొట్టి దింపుదాం అంటే కుదరదు, 50ది తెచ్చి 55లో పెడితే వదులైపోతుంది. వెర్నియర్ కాలిపర్ పెట్టి కొలవండి, లేకపోతే లేత్ వర్క్‌షాపుకి వెళ్లి అడగండి, రెండు నిమిషాల పని.

మూడోది కూడా అంతే ముఖ్యం. బీమ్ ఉన్న కారుకి, మల్టీలింక్ ఉన్న కారుకి వెనక షాకప్‌లూ స్ప్రింగులూ వేరు. ముందు రెండూ సరిపోయి వెనక రెండూ సరిపోని సెట్టు కొన్నవాళ్లు నాకే ఇద్దరు తెలుసు.

ఎలక్ట్రానిక్ షాకప్‌లు ఉన్న కారులో మామూలు కాయిల్‌ఓవర్ పెడితే డాష్‌బోర్డ్ మీద లైటు వెలుగుతూనే ఉంటుంది. దాన్ని ఆపే మాడ్యూల్ వేరే కొనాలి, ఆ ఖర్చు ఇప్పుడే లెక్కలో వేసుకోండి.

ఎత్తు నేల నుంచి కాకుండా హబ్ నుంచి కొలవమన్నాను చూడండి, టైర్లో గాలి తగ్గినా టైరు అరిగినా ఈ కొలత మారదు, బిగించాక పోల్చుకోవడానికి ఇదొక్కటే నమ్మకం.

2. ఏది పాతది కొనొచ్చు, ఏది కొనకూడదు

పాతవి కొనొచ్చు: పేరున్న కాయిల్‌ఓవర్లు, లోయరింగ్ స్ప్రింగులు, యాంటీరోల్ బార్లు (మలుపులో కారు ఒరగకుండా ఆపే కడ్డీలు), స్ట్రట్ బార్లు (రెండు స్ట్రట్‌ల పైభాగాల్ని కలిపే కడ్డీలు), అడ్జస్టబుల్ టాప్ మౌంట్లు (షాకప్ పై కొసని బాడీకి పట్టేవి), అదీ ఆట, అంటే వదులు, లేకపోతేనే.

పాతవి వద్దు: బాల్ జాయింట్లు, లింక్ రాడ్లు (యాంటీరోల్ బార్ కొసల్ని చక్రం వైపు కలిపేవి), రబ్బరు బుష్‌లు, బంప్‌స్టాప్‌లు (షాకప్ అడుగు తగలకుండా ఆపే మెత్తటి దిమ్మలు), టాప్ మౌంట్ బేరింగులు, కంపెనీ ఒక్కసారికే అని చెప్పిన బోల్టులు. సెట్టుతో పాటు వస్తే రానివ్వండి, వాటి విలువ సున్నా అనుకుని ధర కట్టండి.

పేర్లలో కూడా జాగ్రత్త. బిల్‌స్టీన్ బీ6 కంపెనీ ఎత్తు స్ప్రింగులకి, బీ8 కిందకి దించే పొట్టి స్ప్రింగులకి. బీ14లో ఎత్తు మాత్రమే మారుతుంది, గట్టితనం మార్చే నాబ్ ఉండదు, అది కావాలంటే బీ16. డబ్బా ఉంటే కిట్ నంబర్ చూడండి, 47తో మొదలైతే బీ14, 48 అయితే బీ16, 46 అయితే స్ప్రింగులతో కలిపి వచ్చే బీ12.

కేడబ్ల్యూలో వేరియంట్ 1కి ఎత్తు మాత్రమే, 2కి రీబౌండ్ (షాకప్ తిరిగి సాగేటప్పటి గట్టితనం) కూడా, 3కి రీబౌండూ కంప్రెషనూ (నొక్కుకునేటప్పటి గట్టితనం) రెండూ. కిట్ నంబర్ 10తో మొదలైతే ఒకటి, 15 అయితే రెండు, 35 అయితే మూడు. "వీ3 అన్నా" అని చెప్పి వీ1 అంటగట్టడం ఈ ఒక్క నంబర్‌తో ఆగిపోతుంది.

ఇక స్ప్రింగు గట్టితనం, దాన్నే స్ప్రింగు రేటు అంటారు, ఇంత దూరం నొక్కుకోవడానికి ఎంత బరువు కావాలన్న లెక్క. స్ప్రింగు రేటు ఒకడు కేజీల్లో చెప్తాడు, ఒకడు న్యూటన్లలో, అమెరికా సరుకైతే పౌండ్లలో. మిల్లీమీటరుకి 1 కేజీ అంటే సుమారు 9.8 న్యూటన్లు, అంగుళానికి సుమారు 56 పౌండ్లు. అంటే 6 కేజీల స్ప్రింగు దగ్గర దగ్గర 59 న్యూటన్లు, 336 పౌండ్లు. అన్నీ ఒకే లెక్కలోకి మార్చుకున్నాకే పోల్చండి.

నా అభిప్రాయం సూటిగా చెప్తా: రోజూ తిరిగే చిన్న కారుకి ముందు 6 కేజీలు దాటితే మన రోడ్ల మీద ఒళ్లు హూనమే. ఘాటీలో మలుపులు తిప్పడానికి సరదాగానే ఉంటుంది గానీ, ఆ ఘాటీ దాటగానే వచ్చే గోతులకి, ఊరూరా ఉన్న స్పీడ్ బ్రేకర్లకి కారు చక్రం మీద నిలబడదు, ఎగురుతుంది. ఎత్తు కూడా 25 నుంచి 30 మిల్లీమీటర్లకి మించి దించొద్దంటాను.

చట్టం మాట ఒక్కటి. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి ఆర్సీలో తేడా వచ్చేలా బండి మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగానే చెప్పింది. అందుకని ఏం పెట్టినా ఇన్సూరెన్స్ కంపెనీకి ముందే రాసి తెలియజేయండి, ఆర్టీవో ఆఫీసులో అడగండి, కారుతో వచ్చిన అసలు సస్పెన్షన్ మాత్రం నాలుగు వైపులా ముక్క పోకుండా దాచండి.

3. అమ్మేవాడిని అడగాల్సిన ప్రశ్నలు

ఫోనులో కాదు, మెసేజ్‌లో అడగండి, జవాబు రాతలో ఉండాలి.

- ఏ కారు మీద ఉన్నాయి, ఎన్ని కిలోమీటర్లు తిరిగాయి?
- కొత్తవి కొన్నావా, నువ్వే రెండో చేతివా? బిల్లు ఉందా?
- ఆ కారుకి యాక్సిడెంట్ అయ్యిందా, ఏ చక్రం వైపు?
- ఎప్పుడైనా విప్పి రీబిల్డ్ చేయించావా, ఎక్కడ?
- ఇప్పుడు కారు మీద ఉన్నాయా, విప్పేశావా? విప్పితే ఎప్పుడు, ఎందుకు?
- సెట్టులో ఏమేం వస్తాయి: సీ-స్పానర్ (రింగు తిప్పే పానా), హెల్పర్ స్ప్రింగులు (అసలు స్ప్రింగు వదులవకుండా పట్టే చిన్నవి), టాప్ మౌంట్లు, లాక్ రింగులు?

కారు మీద ఉండగానే చూడగలిగితే అదృష్టం, నడిపి చూడొచ్చు. విప్పేసి ఆర్నెల్లు గోడౌన్‌లో పడుంటే సీల్ (లోపలి నూనె బయటికి రాకుండా ఆపే రబ్బరు) ఎండిపోయి ఉండొచ్చు, తుప్పు పట్టి ఉండొచ్చు. బరంపురం, గోపాలపూర్ వైపు సముద్రపు గాలిలో తిరిగిన కారు సరుకైతే త్రెడ్ల మీద తెల్లటి పొడి, ఎర్ర తుప్పు ఉంటాయి, అడ్జస్ట్ రింగు అసలు కదలదు. మన కొరాపుట్ కార్లకి వేరే జబ్బు, వానాకాలం ఎర్రమట్టి త్రెడ్లలో ఇరుక్కుని ఎండాక సిమెంటులా గట్టిపడుతుంది. రింగు చేత్తో తిప్పి చూపించమని వీడియో అడగండి. తిరగకపోతే ఎత్తు మార్చలేని కాయిల్‌ఓవర్ అది, మామూలు షాకప్ ధరకి మించి ఇవ్వొద్దు.

యాక్సిడెంట్ ప్రశ్నకి జవాబు చెప్పడానికి నసిగితే వదిలేయండి.

4. ఫొటోలు కాదు, ఈ వీడియోలు అడగండి

నాకు జరిగింది చెప్తా. మొదటిసారి నేను ఒక పెద్ద ఊరి నుంచి పాత సెట్టు తెప్పించాను. అమ్మినాయన పేరు ఇక్కడ అనవసరం. ఫొటోల్లో నాలుగూ తళతళలాడుతున్నాయి, చుక్క నూనె లేదు. బిగించాక పదిహేను రోజులకి జయపురం ఘాటీ దిగుతుంటే వెనక ఎడమవైపు ప్రతి గతుక్కీ రెండుసార్లు ఊగుతోంది. గ్యారేజీలో లిఫ్ట్ ఎక్కించి, మెకానిక్ భాయి షాకప్ రాడ్‌కి (లోపలికీ బయటికీ జారే మెరిసే కడ్డీ) ధూళి పట్టకుండా తొడిగిన ఆ రబ్బరు డస్ట్ బూటు పైకి లాగాడు. లోపల నల్లటి జిడ్డు, బంప్‌స్టాప్ నూనెలో నానిపోయి స్పాంజీలా నొక్కుకుపోయింది, బొటనవేలితో తీస్తే వేలంతా నూనే. నా వేలు పట్టుకుని రాడ్ మీద పైనుంచి కిందకి గీయించాడు, ఒకచోట గోరు ఆగింది, సన్నటి గీత. ఆ గీతే సీల్‌ని కోసేసింది. అమ్మినాయన బయట బాడీని పెట్రోల్‌తో కడిగి ఫొటో తీశాడు, బూటు లోపల తుడవడం కుదరలేదు.

అప్పటి నుంచీ నేను ఫస్ట్ అడిగేది ఒకటే, బూటు పైకెత్తి లోపల చూపించు. బయట ఎంత తుడిచినా లోపల నిజం మిగిలిపోతుంది.

అడగాల్సిన వీడియోలు, ఒక్కో షాకప్‌కి వేర్వేరుగా, కట్ లేకుండా:
- డస్ట్ బూటు పైకెత్తి రాడ్ చుట్టూ టార్చి వేసి చూపించాలి
- బంప్‌స్టాప్‌ని వేళ్లతో నొక్కాలి
- స్ప్రింగు తీసేసి ఉంటే రాడ్‌ని నిలువుగా పూర్తిగా కిందకి నొక్కి వదలాలి
- గట్టితనం నాబ్ ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పుతూ క్లిక్‌లు పైకి లెక్కపెట్టాలి
- బాడీ మీద ఉన్న నంబరు చదివి వినిపించాలి
- వీడియో మొదట్లో ఒక కాగితం మీద ఆ రోజు తేదీ, మీ పేరు రాసి చూపించాలి

క్లిక్‌ల సంగతి: బీసీ రేసింగ్ బీఆర్ అయితే 30, టీన్ ఫ్లెక్స్ జెడ్ అయితే 16. మూడింటికి 30 వచ్చి నాలుగోదానికి 19 దగ్గర ఆగిపోతే లోపల వాల్వు పని అయిపోయినట్టే. కొన్ని పసుపు రంగు కోనీలకి పైన నాబ్ ఉండదు, షాకప్ విప్పి రాడ్‌ని అడుగుదాకా నొక్కి తిప్పితేనే మారుతుంది. "నాబ్ పోయింది" అని ఎవరైనా అంటే కంగారుపడకండి, అది ఏ రకమో చూడండి.

5. చేతిలో పట్టుకున్నప్పుడు చూసే వరస

సరుకు ఎదురుగా ఉన్నప్పుడు ఈ వరసలోనే వెళ్లండి, ముందు రాడ్, తర్వాత మిగతావి. రాడ్ పోతే మిగతావి చూసి లాభం లేదు.

రాడ్. పొడి గుడ్డతో తుడిచి చుట్టూ గోరు గీయండి. గోరు ఆగితే వద్దు. తుప్పు చుక్కలున్నా వద్దు. కటింగ్ ప్లేయర్‌తోనో వైజ్ గ్రిప్‌తోనో పట్టిన పళ్ల గుర్తులు పైభాగంలో, సీల్ దాకా రాని చోట ఉంటే పరవాలేదు, సీల్ లోపలికి వెళ్లే చోట ఉంటే వద్దు. తర్వాత రాడ్‌ని గుండ్రంగా తిప్పుతూ ఒక కన్ను మూసి చూడండి, కొస ఊగితే వంగింది.

నూనె. సీల్ దగ్గర సన్నటి తేమ, కొంచెం ధూళి అంటుకోవడం మామూలే, సీల్‌కి ఆ మాత్రం తడి ఉంటుంది. నూనె చారలా కిందకి కారినా, బాడీ సగం దాకా తడిసి మట్టి పేరుకున్నా అది లీకు.

నొక్కి చూడటం. రాడ్‌ని నిలువుగా కిందకి నొక్కండి. మొత్తం దూరం ఒకే బరువుతో వెళ్లాలి, మధ్యలో ఒకచోట ఖాళీగా జారినా, ఎక్కడైనా పట్టేసినా లోపం. వదిలితే మోనోట్యూబ్ (ఒకే గొట్టం ఉన్న రకం) అయితే గ్యాస్ ఒత్తిడికి తనంతట తానే పూర్తిగా పైకొస్తుంది, రాకపోతే గ్యాస్ పోయింది. ట్విన్‌ట్యూబ్ (గొట్టంలో గొట్టం ఉన్న రకం) నెమ్మదిగా వస్తుంది, కొన్ని గ్యాస్ లేనివి అస్సలు రావు, అది తప్పు కాదు.

ఇక్కడ ఒకటి గుర్తుంచుకోండి. ట్విన్‌ట్యూబ్ షాకప్‌లు బస్సులో అడ్డంగా పడుకుని వస్తే లోపల గాలి తప్పు చోటికి చేరుతుంది, మొదటి రెండు మూడు నొక్కులు ఖాళీగా ఉంటాయి. నిలువుగా నిలబెట్టి అయిదారుసార్లు పూర్తిగా నొక్కి లాగండి, సర్దుకుంటుంది. సర్దుకోకపోతే అప్పుడు గొడవ పెట్టుకోండి. బిగించే ముందు కొత్తవాటికి కూడా ఇలాగే చెయ్యాలి.

స్ప్రింగులు. కుడి ఎడమ పక్కపక్కన నిలబెట్టి ఎత్తు కొలవండి, రెండూ సమానంగా ఉండాలి. పెయింట్ రాలిన చోట తుప్పు గుంటలు పడితే అక్కడే విరుగుతుంది, వద్దు. కొసలు బాగా చూడండి. కంపెనీ కొస నున్నగా, పెయింట్‌తో కప్పి ఉంటుంది. గ్రైండర్ గీతలున్నా, గ్యాస్ కటింగ్‌తో కాలి నీలం రంగు తిరిగినా అది కోసిన స్ప్రింగు, ఆ వేడికి ఉక్కు సత్తువ పోతుంది. లోయరింగ్ స్ప్రింగ్ అని చెప్పి కోసిన కంపెనీ స్ప్రింగులు అమ్మేవాళ్లు ఉన్నారు, స్ప్రింగు మీద బ్రాండ్ ముద్ర, నంబరు లేకపోతే చేతులు దులుపుకుని వచ్చేయండి.

కాయిల్‌ఓవర్ స్ప్రింగు మార్చే ఆలోచన ఉంటే లోపలి వ్యాసం కొలవండి. 60 మిల్లీమీటర్లది ఒకటి, రెండున్నర అంగుళాలది అంటే 63.5 ఒకటి, 65 ఒకటి ఉంటాయి, ఒకదాని చోట ఇంకోటి కూర్చోదు.

టాప్ మౌంట్. చేత్తో తిప్పండి. గరగర అంటే బేరింగు మార్చాలి. పిల్లోబాల్ రకమైతే (రబ్బరు బదులు లోహపు గుండు ఉన్నది) రాడ్ పట్టుకుని అటూ ఇటూ లాగండి, టక్ అని చప్పుడు వస్తే ఆట ఉంది.

యాంటీరోల్ బార్. చదునైన గచ్చు మీద పెట్టండి, రెండు చివరలూ సమానంగా ఆనాలి. బుష్ కూర్చునే చోట గాడి పడితే కొత్త బుష్ వేసినా కిర్రు కిర్రు పోదు.

6. ధర ఎలా కట్టాలి

ముందు అదే సెట్టు కొత్తది ఇవాళ మన దేశంలో ఎంతకి దొరుకుతుందో కనుక్కోండి, అతను అప్పట్లో ఎంతకి కొన్నాడన్నది కాదు. దాంట్లోంచి మీరు కొత్తగా వెయ్యాల్సినవి తీసేయండి: బంప్‌స్టాప్‌లు, డస్ట్ బూట్లు, టాప్ మౌంట్ బేరింగులు, లింక్ రాడ్లు, బోల్టులు, బిగింపు కూలి, అలైన్‌మెంట్, కిరాయి. మిగిలినదాంట్లో సగం దాటి నేనైతే ఇవ్వను, ఎంత బాగున్నా సరే. తక్కువ తిరిగిన, బిల్లు ఉన్న, డబ్బాతో ఉన్నవాటికి మాత్రం కొంచెం పైకి వెళ్తాను.

రీబిల్డ్ కుదిరేవి, కుదరనివి తేడా చూడండి. ఓలిన్స్, కేడబ్ల్యూ, బిల్‌స్టీన్‌లో చాలావాటిని విప్పి సీల్ మార్చొచ్చు, వాటికి కొంచెం చెమ్మ ఉన్నా బేరానికి పనికొస్తుంది. చవక రకం సీల్ చేసేసిన ట్విన్‌ట్యూబ్‌లు లీకైతే తుక్కే.

నాలుగింట్లో ఒకటి పోయినా ఆ జతలో రెండోదీ పోయినట్టే లెక్క, ఎడమవైపు కొత్తది కుడివైపు పాతది పెట్టుకుని ఘాటీలో బ్రేకు వెయ్యకూడదు.

7. డబ్బులు, కిరాయి

వీలుంటే ఎదురెదురుగా. వైజాగ్ అతనైతే సాలూరు దాకా రమ్మనండి, మీరు దిగండి, ఒక టీ తాగుతూ గోరు గీసి చూసుకుని అప్పుడే పంపండి. నేను ఇలాగే రెండు సెట్లు తెచ్చుకున్నా, ఒకటి చూసి వద్దని వచ్చేశా, పెట్రోల్ ఖర్చుతో పోయింది.

కుదరకపోతే ఆ ఊళ్లో మీవాళ్లెవరైనా చూడాలి. అదీ కుదరకపోతే కొద్దిగా అడ్వాన్స్, మిగతాది ట్రాన్స్‌పోర్ట్ రసీదు ఫొటో వచ్చాక. ప్యాకింగ్ వీడియో అడగండి. మీరు డబ్బా విప్పేటప్పుడు మొదటి టేపు కోసిన దగ్గర్నుంచి కట్ లేకుండా వీడియో తీయండి.

అమ్మేవాళ్లు కూడా చదవండి: డబ్బులు రావడానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన పనే లేదు. ఎవరైనా క్యూఆర్ పంపి "స్కాన్ చేసి పిన్ కొట్టు, డబ్బులు పడతాయి" అంటే మీ ఖాతాలోవే పోతాయి. కొనేవాడు వస్తువు గురించి ఒక్క ప్రశ్న అడక్కుండా, బేరం ఆడకుండా, మిలిటరీలో ఉన్నానంటూ తొందరపెడితే కట్ చేసేయండి. మోసపోతే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చెయ్యండి.

కిరాయికి బస్సు పార్సిల్, రైలు పార్సిల్, లారీ ట్రాన్స్‌పోర్ట్ మూడూ నడుస్తాయి. వైజాగ్ నుంచి రాయగడకి, బరంపురానికి, జయపురానికి రైలు లైను ఉంది. గ్యాస్ షాకప్‌లు ఒత్తిడి ఉన్న సరుకు కాబట్టి విమానం కొరియర్‌లో అడ్డు చెప్తారు, రోడ్డు మీదే పంపమనండి. విలువ 50,000 దాటితే రాష్ట్రం మారేటప్పుడు ట్రాన్స్‌పోర్ట్ వాళ్లు ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి జీఎస్టీ పత్రం) అడుగుతారు, బుక్ చేసేముందే మాట్లాడుకోండి.

8. బిగించేటప్పుడు

మెకానిక్ పక్కనే నిలబడండి, ఆయనకి తెలీదని కాదు, పాత సామాను కాబట్టి ఇద్దరి కళ్లు ఉంటే మంచిది.

- స్ప్రింగు నొక్కి ఉన్నప్పుడు పై నట్టు విప్పనివ్వొద్దు. మంచి స్ప్రింగ్ కంప్రెసర్ ఉన్న గ్యారేజీకే వెళ్లండి, అది ఎగిరితే మనిషి ప్రాణానికే ముప్పు.
- రాడ్‌ని ప్లేయర్‌తో పట్టనివ్వొద్దు. పై నట్టుని ఇంపాక్ట్ గన్‌తో కొట్టనివ్వొద్దు, రాడ్ గిర్రున తిరిగి సీల్ పోతుంది.
- త్రెడ్లు ఇత్తడి బ్రష్‌తో శుభ్రం చేసి, యాంటీసీజ్ (త్రెడ్లు పట్టేయకుండా పూసే జిడ్డు) పూసి, తర్వాత రింగులు తిప్పండి.
- చక్రాలు గాల్లో ఉన్నప్పుడు స్ప్రింగుని చేత్తో కదపండి. లొడలొడలాడితే హెల్పర్ స్ప్రింగు లేదు, లేదా రింగు మరీ కిందకి దింపారు.
- రబ్బరు బుష్ ఉన్న బోల్టుల ఆఖరి బిగింపు కారు నేల మీద, తన బరువు మీద నిలబడ్డాకే. గాల్లో బిగిస్తే బుష్ మెలిపడి నెలల్లో చిరిగిపోతుంది.
- బోల్టుల బిగింపు టార్క్ రెంచితో (ఎంత బలంతో బిగించామో కొలిచే పానా), సర్వీస్ మాన్యువల్‌లో ఎంతుంటే అంతే.

హబ్ నుంచి ఫెండర్ ఎత్తు కొలిచి కుడి ఎడమ సమానంగా సర్దండి. స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి టైరు, బ్రేకు గొట్టం ఎక్కడా రాసుకోవట్లేదని చూడండి. అదే రోజు అలైన్‌మెంట్ చేయించండి, 300, 400 కిలోమీటర్లు తిరిగి స్ప్రింగు కూర్చున్నాక మళ్లీ ఒకసారి. హెడ్‌లైట్ల ఎత్తు కూడా సరిచూడండి.

9. అమ్మేవాళ్లకి

విప్పకముందే పని మొదలవుతుంది. కారు మీద ఉండగానే ఫొటోలు, ఘాటీలో వద్దు, మామూలు రోడ్డు మీద ఒక చిన్న వీడియో, ఏ చప్పుడూ లేదని వినపడేలా. తర్వాత ప్రతి మూలా రింగు కింద ఎన్ని త్రెడ్లు కనిపిస్తున్నాయో రాయండి, కొన్నవాడికి అది బంగారం.

విప్పేటప్పుడు ముందు ఎడమ, ముందు కుడి, వెనక ఎడమ, వెనక కుడి అని పెయింట్ మార్కర్‌తో రాయండి. నట్లు, వాషర్లు ఒక్కో మూలవి ఒక్కో కవర్లో.

కడగండి గానీ రంగు వెయ్యొద్దు. కొత్త రంగు చూస్తే కొనేవాడు ఏదో దాచాడనే అనుకుంటాడు, నేనైతే అనుకుంటా. రాడ్‌ని ఎమెరీ కాగితంతో రుద్దొద్దు, మెరుస్తుంది గానీ క్రోమ్ పోయి సీల్‌ని తినేస్తుంది. డస్ట్ బూటు లోపల ఫొటో మీరే ముందు పెట్టండి. ఒకచోట చెమ్మ ఉంటే అదే ఫొటో మొదట పెట్టి ధర తగ్గించి రాయండి, అలాంటి సరుకు రీబిల్డ్ చేయించుకునేవాడికి రెండు రోజుల్లో పోతుంది, దాచిపెడితే నెలల తరబడి సాగుతుంది.

రాసేటప్పుడు ఇవి ఉండాలి: ఏ కారు, ఏ సంవత్సరం, స్ట్రట్ వ్యాసం, వెనక బీమా మల్టీలింకా, కిట్ నంబర్, స్ప్రింగు రేటు, కిలోమీటర్లు, ఎందుకు అమ్ముతున్నారు, ఏం లేదు, ధర, ఏ ఊరు.

ప్యాకింగ్: రాడ్‌కి మెత్తటి గుడ్డ చుట్టి పైన ప్లాస్టిక్ గొట్టం తొడగండి. మోనోట్యూబ్‌ని నొక్కి తీగతో కట్టొద్దు, తెగితే ప్రమాదం. ఒకదానికొకటి తగలకుండా మధ్యలో అట్టలు, బయట చెక్క పెట్టె, ట్విన్‌ట్యూబ్ అయితే ఏ వైపు పైకో బాణం గుర్తు. నాలుగు కాయిల్‌ఓవర్లు కలిపి 20 కేజీలు దాటుతాయి, మామూలు అట్టపెట్టె అడుగు ఊడిపోతుంది.

10. ఎక్కువగా జరిగే తప్పులు, వాటికి మందు

బిగించాక కారు ముందువైపు టక్ టక్ అని చప్పుడు. మొదట లింక్ రాడ్లు చూడండి, తర్వాత పై నట్టు, తర్వాత స్ప్రింగు సీటు. చాలాసార్లు ఎత్తు తగ్గాక పాత పొడవు లింక్ రాడ్ ఎక్కడో తగులుతుంది, పొట్టిది వెయ్యాలి.

టైరు లోపలి అంచు అరిగిపోతోంది. కారు దిగితే చక్రాల పైభాగం లోపలికి వాలుతుంది, దాంతో పాటు టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) కూడా మారుతుంది. మొదట టో సరిచేయించండి, ఎక్కువ అరగదీసేది అదే. చాలకపోతే క్యాంబర్ (చక్రం పైభాగం వాలు) సర్దే మౌంటు.

గతుకుల్లో ధబ్ ధబ్ అని అడుగు తగులుతోంది. బంప్‌స్టాప్ మీద కూర్చుంటోంది, గట్టితనం పెంచితే తగ్గదు, కారు 10 మిల్లీమీటర్లు పైకెత్తండి.

కారు వెనక భాగం ఎగురుతోంది. నాబ్ పూర్తిగా గట్టిగా తిప్పేసి ఉంటారు. అన్నీ మెత్తటి చివరకి తీసుకొచ్చి, రెండేసి క్లిక్‌లు పెంచుకుంటూ ఒకే రోడ్డు మీద తిరగండి, మాకైతే సెమిలిగుడ నుంచి కొరాపుట్ దాకా ఉన్న రోడ్డు దీనికి సరిగ్గా సరిపోతుంది, నున్నటి చోటూ ఉంది, గతుకులూ ఉన్నాయి.

రింగు బిగుసుకుపోయింది. తుప్పు వదిలే నూనె కొట్టి రాత్రంతా వదిలేయండి, పొద్దున ఇత్తడి బ్రష్‌తో తోమి, ముందు బిగించే వైపు పావు తిప్పు, తర్వాత విప్పే వైపు. ఉలి పెట్టి సుత్తితో కొడితే రింగు గాట్లు విరిగిపోతాయి. గ్యాస్ వెల్డింగ్ మంట మాత్రం దగ్గరికి రానివ్వొద్దు, లోపల ఒత్తిడిలో గ్యాసూ నూనే ఉన్నాయి.